అధ్యక్షుడిని ఎన్నుకున్నారు, పనులు ఎవరికి పంచారు?

తిరుపతి, చిత్తూరు జిల్లాల చెరువుల నీటి వినియోగదారుల సంఘాల అధ్యక్షులకు, ఉపాధ్యక్షులకు, టీసీ (ప్రాదేశిక నియోజకవర్గ) మెంబర్లకు,

నమస్కారం.

2024 డిసెంబరులో మీరు ఎన్నికయ్యారు. చాలా చెరువుల కింద పోటీ లేకుండానే అయిపోయింది. దండలు పడ్డాయి, ఫొటోలు వచ్చాయి, మరుసటి రోజు నుంచి ఊళ్ళో మిమ్మల్ని ‘చెరువు ప్రెసిడెంటు’ అని పిలవడం మొదలైంది. చెరువుకు తనదంటూ ఒక పాలకవర్గం మళ్ళీ వచ్చిందని ఆయకట్టు రైతుగా నేనూ సంతోషపడ్డాను. ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు ఒక మాట అడుగుతున్నాను. ఒక్కో సంఘానికి ఎన్నికైన మీ ఆరుగురు మెంబర్లలో ఎవరి పని ఏది?

తూము ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో చూసే మనిషి ఎవరు? వానాకాలంలో కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి చూసేదెవరు? చెరువులోకి నీళ్ళు తెచ్చే కాలవకు ఎవరైనా అడ్డం కట్టుకుంటే పోయి మాట్లాడేదెవరు? లెక్కల పుస్తకం ఎవరింట్లో ఉంది? మా చుట్టుపక్కల ఆయకట్టుల్లో ఈ ప్రశ్నలు అడిగి చూశాను. ఎక్కడైనా ఒకటే జవాబు: ‘అంతా ప్రెసిడెంటే చూసుకుంటాడు.’ ఆ ప్రెసిడెంటుకూ పొలం ఉంది, ఇల్లుంది, పెళ్ళిళ్ళూ చావులూ ఉన్నాయి. ఆయన ఊళ్ళో లేని రోజు చెరువు గురించి మాట్లాడే దిక్కు ఉండదు. మిగిలిన ఐదుగురూ సంతకం పెట్టడానికే మెంబర్లయినట్టు ఉండిపోతారు. పిలిస్తే వచ్చి పెట్టి పోతారు. వాళ్ళను తప్పుపట్టడం లేదు. వాళ్ళకు ఫలానా పని మీదని చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

నా విన్నపం ఇంతే. ఆరుగురూ కూర్చుని పనులు పేరుపేరునా పంచుకోండి. ఎవరికి ఏ పని వచ్చిందో ఆయకట్టులో ప్రతి రైతుకూ తెలిసేలా చెప్పండి. ఆ పనిని బట్టే మిమ్మల్ని అడుగుతాం.

ఇది నేను కొత్తగా కల్పించింది కాదు. 1997లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ చేసిన రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం చదివితే మీకే తెలుస్తుంది. ఆ ఏడాది జూన్‌లో రాష్ట్రమంతటా పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిగాయి. దేశంలో మరెక్కడా అంత పెద్ద ఎత్తున అంతకుముందు జరగలేదు. చెరువు సంఘానికి ఆరు ప్రాదేశిక నియోజకవర్గాలు, ఒక్కోదానికి ఒక మెంబరు, వాళ్ళలోంచి అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ తర్వాతి పేజీలను మాత్రం ఎవరూ తిప్పడం లేదు. నీళ్ళు వంతులవారీగా పంచే పట్టిక వేయడం, కాలవల మరమ్మతుకు ప్రణాళిక రాయడం, ఆయకట్టు భూముల రిజిస్టరు ఉంచడం, రైతుల మధ్య తగాదాలు తీర్చడం, నీటి తీరువా (నీటి పన్ను) విషయంలో రెవెన్యూవాళ్ళకు సాయపడటం, ఏటా లెక్కలు ఆడిట్ చేయించడం, ఆయకట్టు రైతుల సర్వసభ్య సమావేశం పెట్టి సోషల్ ఆడిట్ జరపడం, ఇవన్నీ సంఘం చేయాల్సిన పనులే. ఇన్ని పనులు ఒక్కరు చేయలేరని చట్టం రాసినవాళ్ళకు తెలుసు. అందుకే ఉపసంఘాలు వేసుకునే వీలిచ్చారు. డబ్బూ వనరులూ చూసేది ఒకటి, పనులు చూసేది ఒకటి, నీటి పంపకం చూసేది ఒకటి, పర్యవేక్షణ, శిక్షణ చూసేది ఒకటి. మీ మినిట్స్ పుస్తకంలో ఈ నాలుగింటి పేర్లయినా ఉన్నాయేమో ఒకసారి తీసి చూడండి.

చట్టం రాకముందు మన చెరువులకు పద్ధతి ఉండేది కాదనుకోవద్దు. నీరుగంటి ఉండేవాడు. తూము ఎత్తేదీ దించేదీ అతనే, ఏ మడికి ఎంతసేపు పారిందో చూసేదీ అతనే. పంట నూర్చాక కళ్ళంలోనే అతని మేర, అంటే అతని వాటా గింజలు, కొలిచి పెట్టేవాళ్ళు. కాలవ పూడిక తీసే రోజు ఇంటికొక మనిషి పార పట్టుకుని రావాల్సిందే. చెరువు బాగోగులు చూసే కుటుంబాలకు దశబంధం ఇనాములు, అంటే ఆ పనికి ప్రతిగా ఇచ్చిన భూములు, ఉండేవి. పని పేరు చెబితే మనిషి పేరు వెంటనే వచ్చేది. అయితే చాలా ఊళ్ళలో ఆ నీరుగంటి దళితుడు. రాత్రింబగళ్ళు నీళ్ళు పంచేది అతను, ఆ నీళ్ళ గురించి నలుగురిలో మాట్లాడే హక్కు మాత్రం అతనికి లేదు. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. ఆ కట్టుబాటు పోయింది, పోవాల్సిందే. దాని చోట మనం ఏం పెట్టుకున్నామన్నదే నా బాధ.

ఇక మనుషుల్ని ఎంచుకోవడం గురించి.

ఎన్నిక ఎలా జరుగుతుందో మనందరికీ తెలుసు. ముందురోజు రాత్రి నాయకుడి ఇంట్లో పేరు ఖాయమవుతుంది. పొద్దున వచ్చి సంతకాలు పెడతారు. తగాదాలు లేకుండా ఊరంతా ఒక్క మాట మీద నిలబడటం మంచిదే, ఏకగ్రీవాన్ని నేను కాదనను. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏ ప్రశ్నలు వేసుకున్నారన్నదే ముఖ్యం. ‘పనులు తేగలడా? బిల్లులు చేయించగలడా?’ అని అడుగుతారు. ‘ఊళ్ళో ఉంటాడా? రాత్రి పూట ఫోన్ ఎత్తుతాడా? తన పొలం చెరువు నీళ్ళతో పారుతుందా?’ అని అడగరు. సంఘంతో గానీ పంచాయతీతో గానీ నడుస్తున్న కాంట్రాక్టులో సంబంధం ఉన్నవారు మెంబరుగా ఉండకూడదని చట్టమే అంటుంది. పనులు తెచ్చుకునే సత్తానే అర్హతగా చూస్తే చట్టం వద్దన్న మనిషే ముందుకొస్తాడు.

ఇప్పుడు అధ్యక్షుడిని మార్చమని నేను అడగడం లేదు. లోపలి పనులకు మనుషుల్ని పెట్టేటప్పుడైనా సరైన ప్రశ్నలు వేసుకోండి. ఉపాధ్యక్షుడితో మొదలుపెట్టండి. అధ్యక్ష పదవి దక్కనివారు నొచ్చుకోకుండా ఇచ్చే పదవిగా దాన్ని చూస్తున్నాం. అలా కాదు. అధ్యక్షుడి పొలం తూము దగ్గరుంటే ఉపాధ్యక్షుడు కడ మడి రైతై ఉండాలి. చెరువు ఒక ఊరిదై ఆయకట్టు రెండు ఊళ్ళలో ఉంటే, ఒకరు ఈ ఊరి నుంచి, ఒకరు ఆ ఊరి నుంచి రావాలి. మన పక్కనే కడప జిల్లా పోరుమామిళ్ళలో చెరువు కట్టించినప్పుడు 1369లో వేసిన శాసనం ఉంది. మంచి చెరువుకు కావలసినవి 12, చెరువుకు ఉండకూడని దోషాలు 6 అని అందులో లెక్కపెట్టి చెక్కించారు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం ఆ ఆరు దోషాల్లో ఒకటి. ఇప్పుడు రాజ్యాలు లేవు గానీ రెండు పంచాయతీల మధ్య నలిగే చెరువులు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. పదవుల పంపకం సరిగా చేసుకుంటే ఆ తగాదా చాలావరకు అక్కడే తీరుతుంది.

అన్నిటికన్నా ముందు మనిషిని పెట్టాల్సింది కట్టకు. ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

2021 నవంబరు మనలో ఎవరూ మరిచిపోలేదు. కృష్ణదేవరాయల కాలంనాటిదని చెప్పుకునే రాయలచెరువు, రామచంద్రాపురం మండలంలో, నిండుగా ఉండగా కట్టకు లీకు పడింది. కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. పసిపిల్లల్నీ ముసలివాళ్ళనీ తీసుకుని జనం మెట్ట ప్రాంతాలకు పోయారు. ఇసుక బస్తాలు వేసి, రాత్రీ పగలూ కాపలా కాసి, చివరికి కట్టను నిలబెట్టారు. అంతకు రెండు రోజుల ముందు రాజంపేట వైపు చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అక్కడ ఎంతమంది ప్రాణాలు పోయాయో అందరికీ తెలుసు. ఆ ప్రాజెక్టు ఐదు గేట్లలో ఒకటి పనిచేసే స్థితిలో లేదన్న మాట పార్లమెంటు దాకా వెళ్ళింది. గేటు పాడైందని అందరికీ తెలిసినా, బాగుచేయించడం తన పనేనని ఏ ఒక్కరూ అనుకోకపోతే ఏమవుతుందో ఆ వరదలో చూశాం.

మన ప్రాంతానికి గట్టి వానలు ఈశాన్య రుతుపవనాల్లోనే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కట్ట బాధ్యత ఉన్న మెంబరు సెప్టెంబరులోనే కట్టంతా నడిచి చూడాలి. కంపచెట్లు పెరిగి ఉంటే కొట్టించాలి. వాటి వేళ్ళు కట్టలోకి దిగి, చెట్టు చచ్చాక ఆ వేళ్ళ దారినే నీళ్ళు పోతాయి. ఎలుక బొరియలు, చెదపుట్టలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవాలి. తూము గొట్టం కట్టలోంచి పోయే చోటును మరీ జాగ్రత్తగా చూడాలి, చాలా కట్టలు అక్కడే బలహీనపడతాయి. చెరువు నిండాక కట్ట వెలుపలి వైపు చెమ్మ వస్తే భయపడక్కర్లేదు. ఊరే నీళ్ళు తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండాలి. నీళ్ళు బురదగా వస్తే కట్టలో మట్టి కొట్టుకుపోతోందని అర్థం. క్షణం ఆగకుండా నీటివనరుల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు), తహశీల్దారుకు ఫోన్ చేయాలి, కింది ఊళ్ళకు చెప్పాలి. ఈ తేడా తెలిసిన మనిషి ఒక్కడు ఉంటే ఒక ఊరు బతుకుతుంది. అలాంటి మనిషిని ఎంచుకోండి, కులం చూడొద్దు, పార్టీ చూడొద్దు.

మరవ, అంటే చెరువు నిండాక మిగులు నీళ్ళు బయటికి పొర్లే చోటు, కూడా ఆయన కిందే ఉండాలి. నీళ్ళు ఎక్కువ నిలవాలని కొందరు మరవ మీద ఇసుక బస్తాలు పేర్చుతారు. చెరువు లోపల సాగు చేసుకునేవాళ్ళు తమ పైరు మునగకూడదని మరవను పగలగొడతారు. మొదటిది కట్టకు ప్రమాదం, రెండోది ఆయకట్టుకు నష్టం. ఇద్దరితోనూ మాట్లాడి ఆపగలిగినవాడే అక్కడ ఉండాలి. మన చెరువులు గొలుసు చెరువులు. పై చెరువు మరవ పోతే ఆ నీళ్ళు కింది చెరువులోకే వస్తాయి. పై చెరువు ప్రెసిడెంటు నంబరు మీ ఫోన్‌లో లేకపోతే ఇవాళే రాసుకోండి. కింది చెరువువాళ్ళకు మీ నంబరు ఇవ్వండి.

తూము సంగతికి వస్తాను. మా చెరువు కింద ఒక ఏడు రాత్రిపూట తూము ఎత్తి వదిలేశారు. తెల్లారేసరికి వంకలో నీళ్ళు వృథాగా పోతున్నాయి, కడ మడులకు మాత్రం తడి అందలేదు. ఎత్తింది ఎవరని అడిగితే సంఘంలో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. దొంగతనంగా ఎత్తినవాడి కన్నా, కాపలా ఎవరిదో తేల్చుకోని సంఘం మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఆ ఏడు కడ మడుల వరి ఎండిపోయింది.

తూము చూసే మనిషికి తీర్పు చెప్పే తెలివి కూడా కావాలి. మన జిల్లాల్లో చెరువు నిండిందంటే చాలామంది తూము నీళ్ళకన్నా బోర్లలో ఊట కోసం చూస్తారు. తూము దగ్గరి రైతు నీళ్ళు వదలమంటాడు. బోరున్న రైతు వదలొద్దంటాడు. పశువులకు ఎండాకాలం నీళ్ళు మిగలాలని కాపరులు అంటారు. చేపల పాట పాడినవారికి నీళ్ళు తగ్గితేనే వలలు వేయడం సులువు. నలుగురిదీ న్యాయమే, నాలుగూ ఒకేసారి కుదరవు. ఇది ప్రెసిడెంటు ఒక్కడు ఫోన్‌లో తేల్చే విషయం కాదు. చెరువు నిండగానే సర్వసభ్య సమావేశం పెట్టి, తూము ఏ తేదీన ఎత్తాలో, నీళ్ళు ఏ మట్టానికి దిగితే మూసేయాలో రాసుకోండి. ఆ రాతను అమలుచేసే మెంబరు పేరు దాని కిందే రాయండి. అతని మాటకు ఎదురు చెప్పదలచినవారు సమావేశంలోనే చెప్పాలి, రాత్రి పూట తూము దగ్గరికి పోయి కాదు.

పశ్చిమ మండలాలవారికి ఇది ఇంకా అవసరం. 2025 ఆగస్టులో హంద్రీ–నీవా కాలవ ద్వారా కృష్ణా నీళ్ళు కుప్పం దాకా వచ్చాయి. వాన నీళ్ళకే ఇన్ని తగాదాలుంటే, కాలవ నీళ్ళు ఏ చెరువుకు ముందు, ఏ చెరువుకు తర్వాత అన్నది రేపు ఎంత పెద్ద తగాదా అవుతుందో ఆలోచించండి. అధికారుల ముందు కూర్చుని మా చెరువు సామర్థ్యం ఇంత, ఆయకట్టు ఇంత, మాకు ఇన్ని రోజులు నీళ్ళు కావాలి అని కాగితం చూపించి మాట్లాడే మెంబరు మీ సంఘంలో ఉన్నారా? లేకపోతే చదువుకున్న రైతుబిడ్డ ఒకరిని ఆ పనికి సాయంగా పెట్టుకోండి.

లెక్కల విషయంలో వెయ్యేళ్ళ నాటి ఒక నియమం మీ ముందు పెడతాను. మనకు దక్షిణాన కాంచీపురం వైపు ఉత్తరమేరూరులో పరాంతక చోళుడి కాలం శాసనాలున్నాయి, 919, 921 నాటివి. అప్పట్లో మన తిరుపతి ప్రాంతమూ ఆ తొండమండలంలోదే. ఊరిని 30 వాడలుగా చేసి, వాడవాడకూ అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి, ఒక చిన్న పిల్లవాడితో తీయించేవారు. అలా వచ్చిన 30 మందిలో 12 మందికి ఏడాది పాలన వారియం, 12 మందికి తోటల వారియం, మిగిలిన 6 మందికి చెరువు వారియం. వారియం అంటే మన కమిటీ లాంటిదే. చెరువుకు అప్పుడూ ఆరుగురే. 35 ఏళ్ళు నిండాలి, 70 దాటకూడదు, పన్ను కట్టే సొంత భూమి ఉండాలి, గడిచిన మూడేళ్ళలో ఏ వారియంలోనూ ఉండి ఉండకూడదు. వీటన్నిటినీ మించిన షరతు ఒకటుంది. ఏ వారియంలోనైనా పనిచేసి లెక్క చెప్పనివాడు మళ్ళీ పోటీకి పనికిరాడు. అతని దగ్గరి బంధువులు కూడా పనికిరారు.

ఉత్తరమేరూరును నెత్తిన పెట్టుకోమని నేను చెప్పను. అది ఒక్క బ్రాహ్మణ అగ్రహార సభ. ఆడవాళ్ళకూ మిగతా కులాలకూ అక్కడ చోటు లేదు. చీటీ తీసి మనిషిని ఎంచడం కూడా మన చట్టానికి సరిపడదు. లెక్క చెప్పనివాడికి పదవి లేదన్న ఆ ఒక్క మాట మాత్రం మనకు కావాలి. మీ సంఘంలో డబ్బు లెక్కలు చూసే మెంబరు అధ్యక్షుడు కాకుండా వేరొకరై ఉండాలి. ప్రతి పనికీ అంచనా ఎంత, ఖర్చు ఎంత, చేసిందెవరు అన్నది రాసి పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించండి. లెక్క అడిగినవాడిని ‘నువ్వు ఏ పార్టీ?’ అని ఎదురు అడగొద్దు.

ఆడవాళ్ళ గురించి, కౌలు రైతుల గురించి రెండు మాటలు చెప్పాలి. మగవాళ్ళు బెంగళూరుకో తిరుపతికో కూలికి, ఉద్యోగానికి పోతే పొలం చేసేది ఇంట్లో ఆడమనిషే. పాసుపుస్తకం ఆయన పేరున ఉంది కాబట్టి సంఘంలో ఆమెకు ఓటు లేదు. మెంబరు కాలేకపోయినా ఉపసంఘాల పనుల్లో ఆమెను కూర్చోబెట్టడానికి మీకు అడ్డేమీ లేదు. నీళ్ళు ఏ రాత్రి అందలేదో ఆమెకు తెలిసినంత వివరంగా మరెవరికీ తెలియదు. రికార్డులో కౌలుదారు పేరుంటే ఆ భూమికి సభ్యుడు కౌలుదారే అని చట్టం చెబుతోంది. మన దగ్గర కౌలు నోటిమాట మీద నడుస్తుంది కాబట్టి ఆ హక్కు కాగితం మీదే ఉండిపోయింది. వాళ్ళనూ సమావేశానికి పిలవండి.

నీటివనరుల శాఖ ఏఈలకూ ఒక మనవి. సంఘం తీర్మానాలు అమలు చేసే అధికారి మీరే. సంతకాల కోసం మాత్రమే మెంబర్లను పిలిపించుకోవడం మానండి. కట్ట చూసే మెంబరును కట్ట దగ్గరికి, తూము చూసే మెంబరును తూము దగ్గరికి పిలిచి పని నేర్పండి. మీరు బదిలీ అయి పోతారు, వాళ్ళు ఇక్కడే ఉంటారు.

అధ్యక్షులకు ఇంకొక మాట. ఎన్నికైన ఏడాది తర్వాత, మూడో వంతు సభ్యులు రాసిస్తే మిమ్మల్ని వెనక్కి పిలిచే తీర్మానం పెట్టే వీలు చట్టంలో ఉంది. బెదిరించడానికి ఇది చెప్పడం లేదు. పనులన్నీ మీ ఒక్కరి మీదే వేసుకుంటే రేపు ఏ పని చెడినా ఆ కాగితం మీద మీ ఒక్కరి పేరే ఉంటుంది. పంచుకుంటే పని తేలికవుతుంది, మాట పడేదీ మీరొక్కరే కారు.

వచ్చే ఈశాన్య వానలకు ముందు, సెప్టెంబరు లోపల, ప్రతి సంఘమూ కట్ట మీదనే ఒక సర్వసభ్య సమావేశం పెట్టాలని కోరుతున్నాను. ఆఫీసులో వద్దు, కట్ట మీదే పెట్టండి, చెరువు ఎదురుగా మాట్లాడుకుంటే మాటలు పనుల మీదే ఉంటాయి. ఆరుగురు మెంబర్ల పేర్లూ ఆరు పనులూ చదవండి: కట్ట, మరవ ఒకరికి, తూము, నీటి వంతులు ఒకరికి, చెరువులోకి వచ్చే కాలవా ఆక్రమణలూ ఒకరికి, పంట కాలవల పూడిక ఒకరికి, లెక్కలు ఒకరికి, పై చెరువు, కింది చెరువు, అధికారులతో మాట్లాడే పని అధ్యక్షుడికి. ఉపాధ్యక్షుడు ఎవరైనా, తన పనితో పాటు, అధ్యక్షుడు ఊళ్ళో లేని రోజు ఆయన పని చూడాలి. ఆ పేర్లూ ఫోన్ నంబర్లూ తూము గోడ మీద పెయింటుతో రాయించండి. మార్పు వస్తే చెరిపి మళ్ళీ రాయించండి.

తేదీ ఖాయం చేసి దండోరా వేయించండి. పార, కొడవలి తెచ్చుకుని వస్తాం. సమావేశం అయ్యాక ఆ పూటే కట్ట మీద కంప కొట్టేద్దాం.

ఇట్లు,
చెరువు కింద కడ మడి రైతు,
తిరుపతి జిల్లా